50 నానోమీటర్ల బంగారు పొర: ప్లాస్మాన్ డిప్ 35 శాతం దగ్గరే ఆగిపోతోంది, కారణం ఏమై ఉంటుంది?

పలచనిపొర (ప్రశ్న)

క్రెట్ష్‌మన్ అమరికలో (ప్రిజం గుండా వెళ్లిన కాంతి పలచని లోహపు పొర మీద పడి వెనక్కి వచ్చే ఏర్పాటు) ఉపరితల ప్లాస్మాన్ డిప్ కొలుస్తున్నాను. అంటే ఒక కోణం దగ్గర కాంతి లోహపు ఉపరితలం మీద ఎలక్ట్రాన్ల అలను (ప్లాస్మాన్) లేపి, పరావర్తనం పడిపోయే గుంట. వివరాలు:

బీకే7 (ఒక రకం ఆప్టికల్ గాజు) లంబకోణ ప్రిజం, 633 నానోమీటర్ల హీలియం-నియాన్ లేజర్ (ధ్రువణం లేనిది), దాని ముందు పోలరాయిడ్ షీట్. మామూలు మైక్రోస్కోప్ స్లైడు మీద థర్మల్ ఎవాపరేషన్‌తో (లోహాన్ని ఆవిరి చేసి పూత వేసే పద్ధతి) 5 నానోమీటర్ల క్రోమియం, దాని మీద 50 నానోమీటర్ల బంగారం. స్లైడుకీ ప్రిజంకీ మధ్య ఇమ్మర్షన్ ఆయిల్ ఒక చుక్క. బంగారం గాలివైపే ఉంది. స్టేజ్ (ప్రిజాన్ని తిప్పే బల్ల) 0.1 డిగ్రీ చొప్పున తిరుగుతుంది. కిరణం ప్రిజం ముఖానికి లంబంగా పడే స్థానాన్ని 45 డిగ్రీలుగా పెట్టుకున్నాను.

లెక్క ప్రకారం డిప్ 43.7 దగ్గర రావాలి, నాకు 42.9 దగ్గర వస్తోంది. వెడల్పు సగం లోతు దగ్గర 2.5 డిగ్రీలు. అన్నిటికన్నా ఇబ్బంది లోతుతోనే: పరావర్తనం 35 శాతం కంటే కిందికి దిగడం లేదు. 39.4 దగ్గర ఒక చిన్న మలుపు కూడా కనిపిస్తోంది. తప్పు బంగారంలో ఉందా, కొలతలో ఉందా?

కోణమాపకం

మీ కోణం తేడా కొలతది, బంగారానిది కాదు. స్టేజ్ చూపించేది ప్రిజం బయటి కోణం. కిరణం గాజులోకి వెళ్తూ వంగుతుంది కాబట్టి లోపలి కోణం విడిగా లెక్కగట్టాలి. లంబ స్థానం నుంచి స్టేజ్ ఎంత తిరిగిందో ఆ కోణం సైన్‌ను 1.515తో (బీకే7 గాజు వక్రీభవన సూచిక) భాగించి, వచ్చినదాని విలోమ సైన్ తీసి, 45 నుంచి తీసెయ్యండి.

మీ 42.9 అంటే లంబం నుంచి 2.1 డిగ్రీలు. గాజులో అది 1.39 అవుతుంది. అంటే అసలు కోణం 43.6. బంగారం పెర్మిటివిటీ (కాంతి విద్యుత్ క్షేత్రానికి లోహం ఎలా స్పందిస్తుందో చెప్పే అంకె) వాస్తవ భాగం 633 దగ్గర సుమారు −11.7. దానితో వచ్చే ప్లాస్మాన్ ప్రభావ సూచిక (ప్లాస్మాన్ అలకి వర్తించే వక్రీభవన సూచిక) 1.046. దాన్ని 1.515తో భాగించి విలోమ సైన్ తీస్తే 43.7 వస్తుంది. ఇక ఆ తేడాకి భయపడక్కర్లేదు.

మీరు చెప్పిన 39.4 మలుపు ఇంకా మంచి సాక్ష్యం. అది సందిగ్ధ కోణం, అంటే దాన్ని దాటితే కాంతి గాలిలోకి పోకుండా పూర్తిగా గాజులోకే తిరిగొచ్చే కోణం. బీకే7 నుంచి గాలికి 41.3 ఉండాలి. మీ 39.4ను ఇదే లెక్కలో పెడితే సరిగ్గా 41.3 వస్తుంది. ప్రతి స్కానులోనూ ముందు ఆ మలుపు ఎక్కడుందో చూడండి. అది 41.3 దగ్గర లేకపోతే లంబ స్థానం తప్పుగా పెట్టినట్టే. ముఖం నుంచి వెనక్కి వచ్చే మసక చుక్క లేజర్ రంధ్రంలోకే తిరిగి వెళ్లేలా చూసుకుంటే లంబం కుదురుతుంది.

ఇదే లెక్కతో మీ వెడల్పు 2.5 కాదు, 1.65. కొంచెం ఊరట. కానీ మంచి పొరకి సుమారు 1 డిగ్రీ ఉండాలి, కాబట్టి ఇంకా ఎక్కువే.

స్లైడు గాజు 1.51 అయినా 1.52 అయినా డిప్ స్థానం మారదు. సమాంతర ముఖాల పలక గుండా వెళ్లినంత మాత్రాన తరంగ సదిశలో ఉపరితలం వెంబడి ఉండే భాగం మారదు. లెక్కకి ప్రిజం సూచిక ఒక్కటే చాలు.

ధ్రువణరేఖ

కోణం సంగతి పైవారు తేల్చేశారు. లోతు గురించి నేను చెప్తాను. బంగారాన్ని అనుమానించే ముందు చూడాల్సినవి మూడు ఉన్నాయి. ఈ మూడూ డిప్ అడుగును పైకి లేపుతాయి, వెడల్పును మాత్రం ముట్టుకోవు.

మొదటిది ధ్రువణం. ప్లాస్మాన్‌ను లేపేది పి-ధ్రువణం (విద్యుత్ క్షేత్రం పతన తలంలో ఊగే కాంతి) మాత్రమే, ఎస్-ధ్రువణానికి (ఆ తలానికి లంబంగా ఊగేదానికి) డిప్పే ఉండదు. పోలరాయిడ్ 10 డిగ్రీలు పక్కకి తిరిగి ఉంటే 3 శాతం ఎస్ కాంతి కలుస్తుంది, 20 డిగ్రీలైతే 12 శాతం. పోలరాయిడ్ అంచు మీద గీసిన గీతను నమ్మకండి. స్టేజ్‌ను డిప్ అడుగున నిలిపి, పోలరాయిడ్‌ను మెల్లగా తిప్పుతూ డిటెక్టర్ రీడింగ్ కనిష్ఠం అయ్యే చోట బిగించండి. డిప్పే దానికి సరైన కొలబద్ద.

ధ్రువణం లేని లేజర్‌తో ఇంకో చిక్కుంది. ట్యూబు వేడెక్కుతూ పొడవు పెరిగేకొద్దీ లేజర్ ఒకేసారి ఇచ్చే దగ్గరి పౌనఃపున్యాల, అంటే మోడ్‌ల మధ్య శక్తి అటూ ఇటూ మారుతుంది. పక్కపక్క మోడ్‌ల ధ్రువణాలు ఒకదానికొకటి లంబంగా ఉంటాయి కాబట్టి పోలరాయిడ్ దాటాక తీవ్రత ఊగుతుంది. అరగంట వేడెక్కనివ్వండి. అంతకన్నా మంచిది, పోలరాయిడ్ దాటాక ఒక గాజు పలకతో కొంచెం కాంతిని రెండో ఫోటోడయోడ్‌కి మళ్లించి ప్రతి రీడింగ్‌నూ దానితో భాగించడం.

రెండోది 100 శాతం అని దేన్ని అంటున్నారన్నది. స్లైడు తీసేసి కొలిచిన విలువతో భాగిస్తే పనికిరాదు. అదే స్థానంలో, అదే పొర మీద ఎస్-ధ్రువణంతో ఒక స్కాను తీసి, పి విలువను ఎస్ విలువతో భాగించండి. ప్రిజం ముఖాల దగ్గర పోయే కాంతి, డిటెక్టర్ సున్నితత్వం రెండూ కొట్టుకుపోతాయి. ముందుగా లేజర్‌కి అడ్డం పెట్టి, గది వెలుతురు వల్ల వచ్చే రీడింగ్‌ను తీసెయ్యడం మరవకండి.

మూడోది ఆయిల్లో బుడగ. దీన్ని చాలామంది లెక్కచెయ్యరు. బుడగ ఉన్నచోట కిరణం గాజు నుంచి గాలిని ఎదుర్కొంటుంది. 41.3 దాటిన ఏ కోణంలోనైనా అక్కడే సంపూర్ణాంతర పరావర్తనం చెంది, బంగారాన్ని చూడకుండానే 100 శాతం వెనక్కి వస్తుంది. లేజర్ చుక్కలో అయిదో వంతు బుడగ మీద పడితే అడుగు 20 శాతం లేస్తుంది. ఆయిల్ 5 నుంచి 10 మైక్రోలీటర్లు చాలు. స్లైడును ఒక అంచు నుంచి వాలుగా దించండి, బుడగలు ముందుకు తోసుకుపోతాయి. ఆయిల్ మరీ ఎక్కువైతే అంచు మీదుగా పాకి బంగారం పైకి వస్తుంది, అక్కడ డిప్ పూర్తిగా మాయమవుతుంది.

డిటెక్టర్ సంగతి కూడా చూసుకోండి. ప్రిజం ఎంత తిరిగితే వచ్చే కిరణం అంతకు రెట్టింపు తిరుగుతుంది. చిన్న ఫోటోడయోడ్ అయితే చుక్క అంచు దాటిపోతుంది, డిప్ ఒక పక్కకి వంగినట్టు కనిపిస్తుంది. డయోడ్ ముందు లెన్సు పెట్టండి.

పలచనిపొర

చెప్పినట్టే అన్నీ సరిచేశాను. పోలరాయిడ్ 12 డిగ్రీలు పక్కకి ఉంది. చుక్క అంచున బుడగ కూడా ఉంది. ఎస్ స్కానుతో భాగించాక, లోపలి కోణానికి మార్చాక ఇప్పటి లెక్క: మలుపు 41.3, డిప్ 43.6, వెడల్పు 1.6, అడుగు 24 శాతం. ఇక పొరదేనా తప్పు? మందం 50 కాకపోవచ్చా? తర్వాత ఇదే అమరికలో నీళ్లు పెట్టాలని ఉంది, దానికి ఈ ప్రిజం సరిపోతుందా?

లోహపుపూత

ఇప్పుడు పొరదే. అయితే మందం తప్పు కాదు, క్రోమియం తప్పు అనిపిస్తోంది. లోతూ వెడల్పూ కలిపి చూస్తే ఈ రెండూ విడిపోతాయి.

ప్లాస్మాన్ శక్తి పోయే దారులు రెండు: లోహంలో వేడిగా, పొర గుండా వెనక్కి ప్రిజంలోకి కాంతిగా. రెండు దారులూ సమానమైతే డిప్ సున్నాకి దిగుతుంది. శుభ్రమైన బంగారంలో 633 దగ్గర ఆ సమానత 50 నానోమీటర్ల దగ్గర వస్తుంది. పొర పలచనైతే వెనక్కి పోయే కాంతి పెరిగి డిప్ లోతు తగ్గుతుంది, వెడల్పు పెరుగుతుంది. పొర మందమైతే లోతు తగ్గుతుంది, వెడల్పు కూడా తగ్గుతుంది. 24 శాతం అడుగు ఒక్క మందం వల్లే రావాలంటే పొర సుమారు 35 ఉండి వెడల్పు 2.1 రావాలి, లేదా సుమారు 65 ఉండి వెడల్పు 0.7 రావాలి. మీది 1.6. రెండిట్లో దేనికీ అతకదు.

మీ అంకెలకి పొసగేది, లోహంలో నష్టం శుభ్రమైన బంగారంలో కంటే రెండు రెట్లకు పైగా ఉండటం. 5 నానోమీటర్ల క్రోమియం ఆ పని చెయ్యగలదు, ఈ రంగు కాంతిని అది బాగా పీల్చుకుంటుంది. అతుక్కోవడానికి 2 నానోమీటర్లు చాలు. టైటానియం 2 నానోమీటర్లు ఇంకా మేలు. వేడి చేసి పొరను మెరుగుపరుద్దామని మాత్రం అనుకోకండి. 200 డిగ్రీల సెల్సియస్ దాటితే క్రోమియం రేణువుల సరిహద్దుల వెంట బంగారంలోకి పాకుతుంది, నష్టం ఇంకా పెరుగుతుంది.

వచ్చే పూతకి: క్వార్ట్జ్ మానిటర్లో (పూత మందం చూపే పరికరం) బంగారానికి సాంద్రత 19.3, జెడ్ నిష్పత్తి (లోహాన్ని బట్టి మానిటర్ లెక్కకి చేసే సవరణ) 0.381, క్రోమియానికి 7.2, 0.305 పెట్టారో లేదో చూడండి. బంగారం వేసేటప్పుడు పాత లోహం అంకెలు అలాగే ఉండిపోతే మందం తప్పుతుంది. మానిటర్ స్ఫటికం, స్లైడు ఒకే దూరంలో లేకపోతే టూలింగ్ గుణకం (ఆ తేడాని లెక్కలోకి తీసుకునే అంకె) కూడా సరిచెయ్యాలి. స్లైడు మీద ఒక మూల సన్న టేపు అంటించి పూత వేసి, టేపు తీశాక ఏర్పడిన మెట్టును ఏఎఫ్ఎం (అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్)తో కొలిస్తే అసలు మందం తెలుస్తుంది. క్రోమియం వేశాక చాంబరు తెరవకుండా వెంటనే బంగారం వెయ్యాలి. గాలి తగిలితే క్రోమియం ఆక్సైడ్ ఏర్పడి అతుకు బలహీనమవుతుంది. పూత స్లైడును అల్ట్రాసోనిక్ తొట్టిలో పెట్టకండి, బంగారం రేకుల్లా ఊడొస్తుంది. ఇథనాల్‌తో కడిగి, నైట్రోజన్ ఊదితే చాలు.

కోణమాపకం

నీళ్ల గురించి. నీటి సూచిక 1.332 అనుకుంటే బీకే7లో డిప్ 72.7కి వెళ్తుంది. మీ లంబకోణ ప్రిజంతో బయట 45 డిగ్రీల దాకా తిప్పాలి. పైగా 1 మిల్లీమీటరు చుక్క పొర మీద 3 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది, నీళ్లు నిలిపే చిన్న సెల్‌లో పట్టదు. ఇదే గాజులో 60 డిగ్రీల ప్రిజం తీసుకుంటే లంబం నుంచి 19.4 తిప్పితే చాలు. ఎస్ఎఫ్10 (సూచిక ఎక్కువున్న గాజు) ప్రిజంలో డిప్ 57 దగ్గరే వస్తుంది, కానీ స్లైడు, ఆయిల్ కూడా దానికి తగ్గ సూచికవి కావాలి. లేకపోతే మధ్య పొరల పరావర్తనాల వల్ల డిప్ మీద అలలు వస్తాయి.

60 డిగ్రీల ప్రిజంతో సరిచూసుకోవడానికి ఉప్పునీళ్లు తేలిక. బరువులో 1 శాతం ఉప్పు కలిపితే సూచిక సుమారు 0.0017 పెరుగుతుంది, డిప్ లోపలి కోణంలో 0.28, స్టేజ్ మీద 0.43 జరుగుతుంది. డిప్ స్థానాన్ని కనిష్ఠ బిందువుతో తీసుకోకండి, అడుగు చుట్టూ ఉన్న బిందువులకు పారాబోలా అమర్చి తియ్యండి. నీళ్ల ఉష్ణోగ్రత 1 డిగ్రీ మారితే సూచిక 0.0001 మారి డిప్ 0.016 డిగ్రీ కదులుతుంది. కాబట్టి ఉప్పునీళ్లూ మామూలు నీళ్లూ ఒకే గదిలో గంటసేపు పక్కపక్కన ఉంచాకే సెల్‌లోకి పంపండి.