చలికాలమంతా మంచు అడవిలో ఒక్కడే ఉంటానంటున్నాడు మా తమ్ముడు, ఏం చెప్పాలి?

ఈసీఐఎల్ అక్క:

అందరికీ నమస్తే. మాది ఈసీఐఎల్ దగ్గర. మా తమ్ముడికి 19 ఏళ్లు, ఇంజనీరింగ్ సెకండియర్. ఏడాదిగా వాడికి ఒకటే ధ్యాస, మంచు అడవుల్లో ఒక్కళ్లే గుడిసె వేసుకుని వేటాడుకుంటూ చలికాలం గడిపేసే కుర్రాళ్ల వీడియోలు, వాళ్ల కథలు. ఇప్పుడు తను కూడా డిసెంబరు మొదట్లో హిమాచల్ వెళ్లి, ఫిబ్రవరి ఆఖరు దాకా ఊళ్లకు దూరంగా ఒక్కడే ఉంటానంటున్నాడు. లిస్టు కూడా రాసిపెట్టుకున్నాడు. పది కిలోల బియ్యం, కత్తి, గొడ్డలి, టార్పాలిన్, స్లీపింగ్ బ్యాగ్, గాలం. అమ్మ రోజూ ఏడుస్తోంది, నాన్న వాడితో మాట్లాడటం మానేశారు.

వాడు ఊరికే అనట్లేదు. పోయిన డిసెంబర్లో ప్రాక్టీస్ అంటూ డాబా మీద పడుకోవడం మొదలుపెట్టాడు, కింద చాప, పైన ఒక దుప్పటి, అంతే. నాలుగో రాత్రి రెండింటికి నాకెందుకో మెలకువ వచ్చి పైకెళ్లాను. మంచులో తడిస్తే ఎలా ఉంటుందో చూద్దామని టీషర్టు కావాలనే తడిపి వేసుకున్నాడట. స్టవ్ వెలిగించడానికి అగ్గిపుల్ల గీస్తున్నాడు, పుల్ల పెట్టెకి తగలట్లేదు, పెట్టె చేతిలోంచి మూడుసార్లు జారి పడింది. ఇలా ఇవ్వరా అంటే కసురుకున్నాడు, ఆ మాట కూడా ముద్దముద్దగా వచ్చింది. చివరికి నేనే వెలిగించాను. ఫోన్లో చూస్తే 12 డిగ్రీలు. పొద్దున అడిగితే అగ్గిపెట్టె జారిపడిన సంగతే వాడికి గుర్తులేదు.

వద్దని తిట్టడం ఇంట్లో ఎప్పుడో అయిపోయింది, దాంతో ఇంకా మొండికేశాడు. నాక్కావాల్సింది నిజాలు. అలాంటి చోట అసలు ఏం జరుగుతుంది? ఒక్కడే ఉండటం సాధ్యమేనా? తెలిసినవాళ్లు చెప్పండి, ఈ పేజీ వాడికే చూపిస్తాను.

సైనిక్‌పురి సుబేదార్ (రిటైర్డ్):

అమ్మా, ఆ రాత్రి నువ్వు పైకి వెళ్లడం చాలా మంచిదైంది. నేను ఆర్మీలో 24 ఏళ్లు చేశాను, అందులో రెండు చలికాలాలు లడఖ్‌లో. చేతులు తడబడటం, మాట ముద్దగా రావడం, ఊరికే చిరాకు, తర్వాత ఏం జరిగిందో గుర్తులేకపోవడం, ఈ నాలుగూ మాకు నేర్పించిన లక్షణాలే. లోపలి ఒంటి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే దాన్ని హైపోథెర్మియా అంటారు, మీ తమ్ముడు దాని గుమ్మం దాకా వెళ్లొచ్చాడు. మంచు పడక్కర్లేదు తల్లీ, తడిబట్ట, గాలి, కింద చల్లటి నేల ఉంటే హైదరాబాద్ డాబా చాలు. కాటన్ తడిస్తే ఒంట్లో వేడి లాగేస్తుంది. పైన ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా కింద మందంగా పరుచుకోకపోతే నేల వేడిని తాగేస్తుంది.

బాబూ, నువ్వు చదువుతున్నావు కదా, నీకే చెప్తున్నా. చలి మొదట కొట్టేది బుద్ధిని. నాకు చలి ముదిరిపోతోంది, ఇక ఆగాలి అని నిర్ణయించాల్సిన బుర్రే ముందు మొద్దుబారుతుంది. మేము డ్యూటీలో జంటగా ఉండేవాళ్లం, కాసేపటికోసారి ఒకడి మొహం ఒకడు చూసుకోవాలని ఆర్డర్. ముక్కు మీదో చెంప మీదో తెల్లటి మచ్చ లేస్తే అది ఫ్రాస్ట్‌బైట్‌కి, అంటే చలికి చర్మం, కండ గడ్డకట్టడానికి మొదలు, అక్కడ స్పర్శ ఉండదు కాబట్టి ఆ మనిషికి తెలియదు, ఎదుటివాడు చూసి చెప్పాల్సిందే. నా చెంప మీద మచ్చని మా బడ్డీ చూశాడు, వెంటనే గ్లౌవ్ తీసి తన అరచెయ్యి పెట్టి వెచ్చబరిచాడు. ఒంటరిగా ఉంటే నీ చెంప ఎవరు చూస్తారు?

ఇంకొకటి. దాహమేస్తే మంచు తినకు, దాన్ని కరిగించడానికి నీ ఒంటి వేడే ఖర్చవుతుంది. స్టవ్ మీద కరిగిద్దామంటే గిన్నెడు మంచుకి అడుగున కాసిని నీళ్లే వస్తాయి, చాలా ఇంధనం కావాలి. ఇక టెంటులోనో గుడిసెలోనో అన్నీ బిగించేసి బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నావంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పేరుకుంటుంది. దానికి వాసనుండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. గాలి కంత లేకుండా నిప్పు పెట్టుకుని పడుకోకూడదు. ఇది మాత్రం ఎప్పటికీ మర్చిపోకు.

లెక్కల మాస్టారు, ఉప్పల్:

తమ్ముడి లిస్టులో పది కిలోల బియ్యం చూశాక లెక్క వేయకుండా ఉండలేకపోయాను. వంద గ్రాముల బియ్యానికి దాదాపు 350 క్యాలరీలు, అంటే పది కిలోలకి 35,000. గడ్డకట్టే చలిలో కట్టెలు కొడుతూ మంచులో తిరిగే మనిషికి రోజుకి 3,500 పైనే కావాలి. పదో రోజుకి సంచి ఖాళీ. మిగతా ఎనభై రోజులు?

వేటాడతాను అంటాడేమో. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో వేట నేరం, అక్కడ ఉచ్చు వేస్తే జైలే. వేరే దేశం సంగతి చూసినా, చలికాలం కుందేలు మాంసంలో కొవ్వు దాదాపు ఉండదు. కొవ్వు, పిండిపదార్థం లేకుండా ఉత్త పలచని మాంసం మీద బతికితే ఎంత తిన్నా ఆకలి తీరదు, విరేచనాలు పట్టుకుంటాయి, మనిషి చిక్కిపోతాడు. ఉత్తరాది మంచు ప్రాంతాల్లో దీన్ని కుందేలు కరువు అనే అర్థం వచ్చే మాటతోనే పిలుస్తారు.

ఇలాంటి కుర్రాళ్లందరూ ఆరాధించే క్రిస్ మెకాండ్‌లెస్ సంగతి కూడా పూర్తిగా చెప్పుకోవాలి. 24 ఏళ్లు. 1992 ఏప్రిల్లో నాలుగున్నర కిలోల బియ్యం, ఒక చిన్న రైఫిల్‌తో అలాస్కా అడవిలోకి వెళ్లి పాత బస్సులో ఉన్నాడు. జులైలో తిరిగి వద్దామనుకుంటే నది పొంగుతోంది, వెనక్కి వెళ్లిపోయాడు. ఒక మైలు లోపే నది దాటడానికి తీగ మీద చేత్తో లాక్కునే బుట్ట ఉంది. వివరమైన మ్యాప్ దగ్గరుంచుకోలేదు కాబట్టి ఆ సంగతి తెలియలేదు. ఆగస్టులో చనిపోయాడు, దొరికినప్పుడు బరువు 30 కిలోలు. తమ్ముడూ, అతను అక్కడి ఎండాకాలంలో పోయాడు, చలికాలం దాకా రానేలేదు. ఆ బస్సుని చూడాలని వెళ్లి ఇద్దరు అమ్మాయిలు వేర్వేరు ఏళ్లలో అదే నదిలో మునిగి చనిపోయారు, చివరికి 2020లో బస్సుని హెలికాప్టర్‌తో ఎత్తి తీసేశారు. చిన్న వయసు వాళ్లే వీళ్లంతా. తలుచుకుంటే మనసు పాడైపోతుంది.

కాచిగూడ రీడర్:

మాస్టారు గారూ, బతికి బయటపడ్డవాళ్లూ ఉన్నారు, వాళ్లు ఎలా బతికారో చూడటం కూడా ముఖ్యం. క్రిస్టఫర్ నైట్ అని, 1986లో ఇరవై ఏళ్ల వయసులో అమెరికాలోని మెయిన్ అనే రాష్ట్రం అడవుల్లోకి వెళ్లి 27 ఏళ్లు ఒక్కడే ఉన్నాడు. పొగ కనబడుతుందని ఒక్కసారీ మంట వేయలేదు. బాగా చలిగా ఉన్న రాత్రుల్లో రెండు మూడింటికి లేచి తెల్లారేదాకా అటూ ఇటూ నడిచేవాడు, పడుకుంటే మళ్లీ లేవనని. వినడానికి ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ తిండి, గ్యాస్ సిలిండర్లు, పరుపు, అన్నీ చుట్టుపక్కల ఇళ్లలో దొంగిలించినవే. దాదాపు వెయ్యి దొంగతనాలు చేసి 2013లో దొరికాడు.

నాకు మాత్రం ఎప్పుడూ గుర్తొచ్చేది ఎడా బ్లాక్‌జాక్. 1921లో 23 ఏళ్ల అమ్మాయి, జబ్బు పడ్డ కొడుకు వైద్యానికి డబ్బు కావాలని, బట్టలు కుట్టే పని మీద నలుగురు మగవాళ్లతో ఆర్కిటిక్‌లోని రాంగెల్ దీవికి వెళ్లింది. పడవ రాలేదు, తిండి అయిపోయింది. 1923 జనవరిలో ముగ్గురు సాయం తెస్తామని గడ్డకట్టిన సముద్రం మీద నడిచి వెళ్లి మళ్లీ కనబడలేదు. నాలుగో అతను స్కర్వీతో, అంటే విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బుతో మంచం పట్టాడు. ఎస్కిమో తెగలో పుట్టినా మిషన్ స్కూల్లో పెరిగిన పిల్ల, వేట రాదు, తెల్ల ఎలుగంటే హడలు. అలాంటిది నక్కలకి బోను పెట్టడం నేర్చుకుంది, తుపాకీ నేర్చుకుంది, ఎలుగులు వస్తే దూరం నుంచే కనబడేలా గుడారం పైన మంచె కట్టింది, ఆ రోగికి దాదాపు ఐదు నెలలు సేవ చేసింది. అతను జూన్‌లో పోయాడు. ఆగస్టులో ఓడ వచ్చేదాకా ఒక పిల్లి తోడుగా ఒక్కతే ఉంది. ఆమె తనని తాను పరీక్షించుకోవడానికి వెళ్లలేదు అక్కా, కొడుకు దగ్గరికి తిరిగి వెళ్లాలన్న ఒక్క పట్టుదలతో బతికింది.

అచ్చంపేట అన్న:

మాది నల్లమల అంచున. చెంచులకి అడవి ఇల్లే కదా, వాళ్లు కూడా కొండ అంచు నుంచి తాడు మీద వేలాడి తేనె తీసేటప్పుడు ఒంటరిగా దిగరు. పైన తాడు పట్టేది బావమరిది అని మా దగ్గర చెప్తారు. అక్క తాళి ఆ తాడు మీదే ఉంటది కాబట్టి వాడు చచ్చినా వదలడని. తమ్ముడికి ఇది చెప్పు చెల్లె.

భువనగిరి క్లైంబర్:

నేను ఇరవై ఏళ్లప్పుడు అచ్చం ఇలాగే ఉండేవాణ్ణి, అందుకే వాణ్ణి ఆపమని చెప్పను. దారి మార్చమంటాను. భువనగిరి గుట్ట మనకి 50 కిలోమీటర్లు, అక్కడ రాక్ క్లైంబింగ్ నేర్పుతారు. మాలావత్ పూర్ణ అక్కడే మొదలుపెట్టి 2014 మే 25న, పద్నాలుగేళ్లు కూడా నిండకుండా ఎవరెస్ట్ ఎక్కింది. ఆ పిల్ల ధైర్యం అందరికీ తెలుసు, దాని వెనక నెలల ట్రైనింగ్, గైడ్లు, షెర్పాలు ఉన్న సంగతి తమ్ముడు గుర్తుపెట్టుకోవాలి. తర్వాత ఉత్తరకాశీలో గానీ మనాలిలో గానీ పర్వతారోహణ బేసిక్ కోర్సు చేయాలి, దాదాపు నాలుగు వారాలు, మంచులో నడక, టెంటు, రెస్క్యూ అన్నీ చేతులతో చేయిస్తారు.

చలికాలమే చూడాలంటే హిమాచల్‌లోనే లాహౌల్ అనే లోయలో ఒక ఊళ్లో ఎవరింట్లోనైనా ఉండొచ్చు. 2020లో అటల్ టన్నెల్ రాకముందు రోహ్‌తాంగ్ కనుమ మూసుకుపోతే నెలల తరబడి ఆ లోయకి దారే ఉండేది కాదు. ఎండాకాలమంతా కట్టెలు, గడ్డి, ఎండబెట్టిన కూరలు దాచుకుని కుటుంబమంతా పొయ్యి ఉన్న ఒక్క గదిలో చేరేవాళ్లు. నేను వారం ఉన్నాను. ఇంటి పెద్దాయన రోజూ పొద్దున్నే లేచి ముందు కప్పు మీద మంచు తోసేవారు, బరువుకి కప్పు కూలుతుందని. మొదటిరోజు పార అందుకున్నా, పావుగంటకి చెమట పట్టింది. ఆయన పార లాక్కుని, చెమట పట్టేంత వేగం పనికిరాదు, తడిసిన బట్ట తర్వాత చంపుతుంది, మెల్లగా చెయ్యి అన్నారు. ఎన్ని వీడియోలు చూసినా నాకు ఎక్కని ముక్క అది.

ఈసీఐఎల్ అక్క:

అందరికీ చాలా థాంక్స్. సుబేదార్ గారు రాసింది అమ్మకి కూడా చదివి వినిపించాను. వాడికి లింక్ పంపాను, తలుపేసుకుని చదువుతున్నాడు.

డాబా మీది తమ్ముడు:

నమస్తే, ఆ తమ్ముణ్ణి నేనే. మా అక్కకి చెప్పకుండా రాస్తున్నాను. బియ్యం లెక్క నేనెప్పుడూ వేయలేదు. ఇప్పుడు కాగితం మీద వేశాను, మాస్టారు గారు చెప్పిందే వచ్చింది. ఆ రాత్రి సంగతి నాకు నిజంగా గుర్తులేదు, అక్క చెప్తే నన్ను భయపెట్టడానికి అంటోందనుకున్నాను. సుబేదార్ అంకుల్ చెప్పిన నాలుగు లక్షణాలు చదివాక నిన్నటి నుంచి అదే తిరుగుతోంది బుర్రలో. లిస్టులోంచి డిసెంబరు తీసేశాను, మంచులో ఉండాలన్న కోరిక మాత్రం పోలేదు, అది అబద్ధం చెప్పను.

భువనగిరి అన్నా, ఆదివారం మీరు వెళ్తుంటే నేనూ రావచ్చా? ఈసీఐఎల్ నుంచి బండి మీద ఆరింటికల్లా ఉంటాను. షూస్ మామూలువే ఉన్నాయి. తాడు మీ దగ్గర ఉంటుందా, నేను కొనాలా?