మెల్లో ఫైనల్ అర్ధరాత్రి లైవ్: మారతహళ్లిలో ఆరుగురం, టైం, నెట్, పాయింట్ల లెక్క చెప్పగలరా?

మారతహళ్లి_మెల్లో

ఈ శనివారం స్వీడన్ వాళ్ల మెలొడిఫెస్టివాలెన్ ఫైనల్ (ముద్దుగా మెల్లో, యూరప్ దేశాల పాటల పోటీ యూరోవిజన్‌కి స్వీడన్ పాటని ఎంచే పోటీ). డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, 43 అంగుళాల టీవీ, ఫైబర్ నెట్, ఆరుగురం. హీట్లన్నీ (ఫైనల్‌కి ముందు రౌండ్లు) మర్నాడు చూసి సరిపెట్టుకున్నాం కానీ ఫైనల్ మాత్రం లైవ్‌లో, గోళ్లు కొరుక్కుంటూ చూడాల్సిందే. తెలిసినవాళ్లు చెప్పండి: మన టైం ఎంత? టీవీలోకి తెప్పించడం ఎలా, మధ్యలో నెట్ పోతే దారేంటి? మేం నమ్ముకున్న పాట హీట్‌లో నేరుగా ఫైనల్‌కి వెళ్లింది, ఆ ఓట్లు ఇక్కడ కలుస్తాయా? కింది ఫ్లాట్ ఆంటీ తలుపు కొట్టకుండా సౌండ్ ఎంత పెట్టొచ్చు?

బీటీఎం_సెకండ్_స్టేజ్

ముందు టైం సంగతి, ఎందుకంటే చాలామంది తప్పులో కాలేసేది అక్కడే. అక్కడ శనివారం రాత్రి 8కి మొదలు. మార్చి ఆఖరి ఆదివారం దాకా వాళ్లు మనకంటే నాలుగున్నర గంటలు వెనక. అంటే మనకి రాత్రి 12:30, తేదీ ప్రకారం ఆదివారం అయిపోతుంది. ఫోన్‌లో 'శనివారం 12:30 ఏఎం' అని అలారం పెట్టారంటే శుక్రవారం అర్ధరాత్రే లేచి కూర్చుంటారు. మేలో యూరోవిజన్ ఫైనల్ కూడా మనకి 12:30కే. అప్పటికి వాళ్లు గడియారం గంట ముందుకు జరుపుతారు, షో కూడా గంట ఆలస్యంగా 9కి మొదలుపెడతారు. చెల్లుకు చెల్లు.

చూడటానికి స్వీడన్ ప్రభుత్వ టీవీ ఎస్‌వీటీ వాళ్ల ఎస్‌వీటీ ప్లే వెబ్‌సైట్ చాలు. అకౌంటు వద్దు, డబ్బు వద్దు. వీపీఎన్ అసలే వద్దు, డేటా ఊరంతా చుట్టి రావడం తప్ప దాంతో ఒరిగేదేమీ లేదు. టీవీలో ఆప్ కోసం వెతకొద్దు, ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ వైరు లాగండి. కాస్టింగ్ చేస్తే బొమ్మ వైఫై మీద రావాలి, మళ్లీ అదే వైఫై మీద టీవీకి పోవాలి, పైగా ఆరుగురి ఫోన్లు దాని మీదే ఉంటాయి. బొమ్మ వచ్చి సౌండ్ ల్యాప్‌టాప్‌లోనే మోగుతుంటే సౌండ్ అవుట్‌పుట్‌ని హెచ్‌డీఎంఐకి మార్చాలి. స్లీప్ సెట్టింగ్ తీసేయండి, చార్జర్ పెట్టే ఉంచండి. శుక్రవారం రాత్రి పాత హీట్ ఏదైనా ఓ పది నిమిషాలు నడిపి చూస్తే ఈ తిప్పలన్నీ ముందే తేలిపోతాయి.

నెట్ పోతే హాట్‌స్పాట్. చాలా ప్యాకుల్లో రోజువారీ డేటా అర్ధరాత్రికి మళ్లీ నిండుతుంది, కాబట్టి 12:30కి కోటా ఫ్రెష్‌గా ఉంటుంది. కానీ 1080లో సెకనుకి 5 మెగాబిట్లు వేసుకున్నా గంటకి 2.25 జీబీ. షో రెండు గంటలు దాటుతుంది. 2 జీబీ ప్యాకు గంట కూడా ఆగదు. 720కి దించితే 3 మెగాబిట్ల లెక్కన గంటకి 1.35 జీబీ, ఇద్దరి ఫోన్లు కలిపితే గట్టెక్కుతారు. కరెంటు పోతే టీవీ కూడా పోతుంది. రూటర్‌కి చిన్న యూపీఎస్ ఉంటే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద మిగతాది లాగించొచ్చు.

ఇంకోటి, మనకొచ్చే లైవ్ అసలు లైవ్ కంటే వెనక నడుస్తుంది. పాయింట్లు మొదలవగానే ఆరు ఫోన్లూ సైలెంట్‌లో పెట్టి బోర్లా పడేయండి. లేకపోతే విన్నర్ పేరు వాట్సాప్‌లో ముందొస్తుంది.

పాయింట్ల_పద్దు

హీట్ ఓట్లు కలవవు. ఫైనల్లో 12 పాటలూ సున్నా నుంచే. హీట్‌లో ఎవరికి ఎన్ని పడ్డాయో కూడా ఫైనల్ అయ్యేదాకా ఎస్‌వీటీ బయటపెట్టదు, కాబట్టి 'మా పాట భారీ తేడాతో గెలిచింది' అని ఎవరైనా అంటే అది ఊహే.

సగం పాయింట్లు 8 దేశాల జ్యూరీలవి. ఒక్కో జ్యూరీ తనకి నచ్చిన పది పాటలకి 12, 10, 8, 7, 6, 5, 4, 3, 2, 1 ఇస్తుంది. కూడితే 58. ఎనిమిది 58లు 464. మిగతా సగం ప్రేక్షకులది, అదీ సరిగ్గా 464. ఎందుకంటే వాళ్లనీ ఎనిమిది గుంపులు చేస్తారు: మెల్లో ఆప్‌లో ఓటేసేవాళ్లు వయసు ప్రకారం ఏడు (3 నుంచి 9, 10 నుంచి 15, 16 నుంచి 29, 30 నుంచి 44, 45 నుంచి 59, 60 నుంచి 74, 75 దాటినవాళ్లు), ఫోన్ చేసేవాళ్లంతా కలిసి ఎనిమిదోది. ఏ గుంపులో ఎంతమంది ఓటేశారన్నది అనవసరం. 75 దాటిన తాతయ్యల 12, కాలేజీ పిల్లల 12 ఒకటే.

అసలు కిటుకు ఇక్కడుంది. ఒక పాట మూడు గుంపుల్లో ఫస్ట్, ఐదింట్లో ఆరోస్థానం అనుకోండి: 36, 25 కలిపి 61. ఇంకో పాట ఎక్కడా ఫస్ట్ రాకుండా ఎనిమిదింట్లోనూ సెకండ్: 80. కుర్రకారు ఊగిపోయే పాటల్ని అమ్మమ్మలే ముంచేది. మీ పాట ఎవరికి పిచ్చిగా నచ్చుతుందని కాదు, ఎవరికీ నచ్చకుండా పోదు కదా అని చూసుకోండి.

ఆప్‌లో ఓటంటే హృదయం గుర్తు నొక్కడమే, ఒక్కో పాటకి ఐదు దాకా నొక్కొచ్చు. అన్నిటికీ ఐదేసి నొక్కే ఉదారుడి ఓటు ఎవరికీ పనికిరాదు, తేడా ఉంటేనే లెక్క. అలా పంచేవాళ్లు ఎక్కువ కాబట్టే పాటల మధ్య ఓట్ల తేడా తక్కువ.

సోల్నా_టు_సిల్క్‌బోర్డ్

పద్దు గారి లెక్క కరెక్టే కానీ జ్యూరీని మరీ పక్కన పెట్టేశారు. 2025 చూడండి. 2015లో యూరోవిజన్ గెలిచిన మాన్స్ సెల్మర్‌లోవ్ మళ్లీ వచ్చాడు, చాలామంది అతనికే రాసిచ్చేశారు. ఫిన్లాండ్‌లోని వోరో ఊరి నుంచి వచ్చిన కాయ్ అనే ముగ్గురి బృందం ఆవిరి స్నానం మీద తమాషా పాట పాడి 164తో గెలిచింది, మాన్స్‌కి 157. తేడా ఏడే. జ్యూరీ నుంచి ఓ మోస్తరుగా రాకపోతే ప్రేక్షకులు ఎంత ఎత్తినా అది చాలేది కాదు. 1998 తర్వాత స్వీడన్ యూరోవిజన్‌కి స్వీడిష్ భాషలో పాట పంపింది అప్పుడే, ఆ ఏడు యూరోవిజన్ జరిగిన బాసెల్‌లో నాలుగో స్థానం వచ్చింది.

పాటల వరుస లాటరీ కాదు, నిర్మాతలే వేస్తారు. రెండో నంబర్లో పడిందని ఏడవక్కర్లేదు గానీ చివర్లో పడితే సంతోషించొచ్చు.

మారతహళ్లి_మెల్లో

సూపర్. సమానం వస్తే? సౌండ్ సంగతి ఎవరూ చెప్పలేదు.

పాయింట్ల_పద్దు

సమానమైతే ప్రేక్షకుల పాయింట్లు ఎక్కువున్న పాట గెలుస్తుంది. మీరు ఆరుగురూ ఆరు జ్యూరీలై కాగితం మీద ఆడండి. ఒక్కో నిలువు వరుస కూడితే 58 రావాలి, రాకపోతే ఎవరో 9 వేసి ఉంటారు. 9, 11 లేవు. రెండు పాటలకి ఖాళీ వదలాలి, జాలిపడి ఒకటేసి వేస్తే లెక్క చెడిపోతుంది.

కింది_ఫ్లాట్_సాక్షి

సౌండ్ నాకొదిలేయండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న చోట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్. మామూలు మాటలే దానికంటే పైన ఉంటాయి. కింద వాళ్లని లేపేది మాటలు కాదు, బేస్. వూఫర్ నేల మీద పెడితే శ్లాబే డోలై మోగుతుంది. దాన్ని ఆపేయండి, లేదా మందపాటి పరుపు ముక్క మీద పెట్టండి. టీవీలో నైట్ మోడ్ ఉంటే వేయండి, చప్పుడు ఒక్కసారిగా పెరగకుండా అదే తొక్కిపెడుతుంది. బ్లూటూత్ స్పీకర్ వద్దు, పెదాలు ముందు కదిలి గొంతు వెనకొస్తుంది.

అయినా టీవీ సంగతి పక్కన పెట్టండి, 12 పాయింట్లు పడగానే అరిచేది మీరు ఆరుగురే. బాల్కనీ తలుపు 12:25కే మూసేయండి. చేగోడీలు, మురుకులు వేగం పాటలప్పుడు తినండి, నెమ్మది పాట వస్తే పల్లీలు.