ఊడ్పులు ఆడవారి పని కావడం ఒంటిని బట్టా, ఊరిని బట్టా?

సార్వా రైతు:
స్త్రీపురుషుల నడవడిలో కనిపించే తేడా అంతా పెంపకం వల్లనే వస్తుందని ఇక్కడ ఒకరు రాశారు. నేను ఒప్పుకోలేను. మా భీమవరం వైపు దమ్ము (నీరు పెట్టిన మడిని దున్ని బురద చేయడం) మగవారు చేస్తారు, ఊడ్పులు (వరి నాట్లు) ఆడవారు వేస్తారు. ఇది ఎవరో పన్నిన కుట్ర కాదు. ఎద్దులతో బురదలో దమ్ము చేయడానికి భుజబలం కావాలి. రోజంతా నడుం వంచి నారు నిలపడానికి వేళ్ల నేర్పు, ఓపిక కావాలి. శరీరాలు వేరైతే స్వభావాలూ వేరవుతాయి.

కోనసీమ పాఠకురాలు:
భుజబలం మాట కొట్టిపారేయదగినది కాదండీ. నాగలి సేద్యానికీ స్త్రీల స్థితికీ ఉన్న సంబంధాన్ని ఆర్థికవేత్త ఎస్టర్ బోస్‌రప్ 1970లోనే చర్చించారు. పూర్వం నాగలి పట్టిన సమాజాల సంతతిలో నేటికీ స్త్రీలు బయటి పనుల్లో తక్కువగా ఉన్నారనీ, అమెరికాకూ ఐరోపాకూ వలస వెళ్లినవారి పిల్లల్లో సైతం ఆ జాడ కనిపిస్తోందనీ 2013లో అలెసినా, జూలియానో, నన్ అనే ఆర్థికవేత్తలు చూపారు. నాగలి ముఖమే చూడని పిల్లల్లో ఆ అలవాటు నిలిచిందంటే దాన్ని నిలిపింది కండబలం కాదు.

ఇక వేళ్ల నేర్పు సంగతి. కొన్నేళ్లుగా పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చే మగ కూలీల ముఠాలు గోదావరి జిల్లాల్లో వరి నాటుతున్నాయి. వారి వేళ్లు ఎవరివి? పైగా మన ఊళ్లలో భూమి ఉన్న ఇంటి స్త్రీ చేలో దిగకపోవడం మర్యాద, కూలి ఇంటి స్త్రీ దిగకపోతే పూట గడవదు. ఇద్దరి శరీరమూ ఒకటే కదా!

కాలువ దారి:
పనుల వరకు సరే. తాను ఆడా మగా అన్న భావన మాత్రం పెంపకానికి అంత సులభంగా లొంగదు. 1965లో కెనడాలో పుట్టిన డేవిడ్ రైమర్‌కు పసితనంలో సున్తీ వికటించి అంగం పోతే, మనస్తత్వవేత్త జాన్ మనీ సలహాపై ఆడపిల్లగా పెంచారు. ఆ పెంపకం నిలవలేదు. కౌమారంలో నిజం తెలిశాక అతడు మగవాడిగానే బతకసాగాడు.

కోనసీమ పాఠకురాలు:
రెండేళ్లు నిండవచ్చే వరకు అతడు మగపిల్లవాడిగానే పెరిగాడు కాబట్టి అది శుద్ధమైన పరీక్ష కాదు. అయినా మీ మాటలో బలం ఉంది. తానెవరన్నది లోపలి నుంచి రావచ్చు. అతడికో ఆమెకో ఏ పని, ఎంత కూలి అన్నది మాత్రం ఊరు తేలుస్తుంది.

సార్వా రైతు:
1.45 కోట్ల కవల జంటల సమాచారాన్ని కలిపి చూసిన 2015 నాటి అధ్యయనంలో మనుషుల లక్షణాల వంశపారంపర్యత సగటున 49 శాతమని తేలింది. అంటే సగం పుట్టుకదే. వరి నాటే యంత్రాన్ని కూడా మా వైపు మగవారే నడుపుతారు, కానీ దానికి కారణం ట్రాక్టరూ భూమీ వారి పేరున ఉండడం. అది ఆస్తి సంగతి, పెంపకం సంగతి కాదు.

కోనసీమ పాఠకురాలు:
ఆ 49 శాతం ఒక జనసమూహంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల లెక్క. ఒక్కో మనిషిలో సగం జన్యువులు, సగం పెంపకం అని కాదు. పరిస్థితులు మారితే ఆ అంకె కూడా మారుతుంది.

ఆస్తి మాటకు వస్తే, ఉమ్మడి ఆస్తిలో అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కును మన రాష్ట్రం 1985లోనే ఇచ్చింది. అయినా పుట్టింటి రాకపోకలు చెడతాయన్న జంకుతో ఆడపడుచులు అన్నదమ్ములకు వాటా వదిలేస్తూ సంతకాలు పెడుతూనే ఉన్నారు. ఆ జంకు ఏ జన్యువులో ఉందో చెప్పండి.