ముసలి ఎలుకల కేంద్రం ముందా, ముసలివాళ్ళ వార్డు ముందా?

బ్రాడీపేట మాస్టారు:
వృద్ధాప్య పరిశోధనకి పది ల్యాబులు కలిసి వాడుకునే ఉమ్మడి కేంద్రాలు దండగ, ఆ డబ్బుతో ఊరికో వృద్ధుల వార్డు కట్టొచ్చు అని మొన్న ఇక్కడ ఒకరు రాశారు. నేను గుంటూరులో జువాలజీ చెబుతాను. ఆ మాట ఒప్పుకోలేను.

ముసలితనం ఎలా వస్తుందో చూడాలంటే ముసలి ఎలుక కావాలి. చిట్టెలుకకి 24 నెలలు నిండితే మన లెక్కలో దాదాపు 70 ఏళ్ళు. అప్పటికి వీపు మీద బొచ్చు పలచబడుతుంది, బోనులో తీగ పట్టుకుని వేలాడమంటే జారిపోతుంది. ఆ వయసు దాకా తీసుకురావాలంటే రెండేళ్ళ మేత, ఏసీ, సెలవు రోజు కూడా వచ్చి చూసే మనిషి కావాలి. మధ్యలో కొన్ని పోతాయి. పీహెచ్‌డీ పిల్లలకి ఫెలోషిప్ కాలం సగం ఎదురుచూపులకే సరి. అమెరికాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆన్ ఏజింగ్ అనే ప్రభుత్వ వృద్ధాప్య పరిశోధన సంస్థ ఎలుకల్ని తనే పెంచి, వయసు మళ్ళాక ల్యాబులకి ఇస్తుంది. 1995 నుంచి నేథన్ షాక్ అనే శాస్త్రవేత్త పేరుతో ఉమ్మడి కేంద్రాలకీ డబ్బిస్తోంది. సొంత సదుపాయం లేని బయటి ల్యాబుల వాళ్ళకీ అక్కడ పని చేసిపెడతారు.

పటమట వాసి:
మాస్టారూ, మా అమ్మకి 81. బాత్రూంలో జారిపడి తుంటి విరిగింది. ఎముకల డాక్టరు ఎముక చూశారు, షుగర్ డాక్టరు షుగర్ చూశారు. రోజుకి 11 మాత్రలు వేసుకుంటోంది, వాటిలో ఏది దేనితో పడదో చెప్పే నాథుడు లేడు. మీ ఎలుకలు మా అమ్మని నడిపిస్తాయా?

బ్రాడీపేట మాస్టారు:
నడిపించవు బాబూ. అమ్మగారికి ఇప్పుడు కావలసింది వార్డే, దానికి నేను అడ్డు చెప్పను. కానీ మాత్రల మాట మీరే ఎత్తారు కాబట్టి ఒకటి చెబుతాను. వయసు తగ్గిస్తాయని బజార్లో రెస్వెరట్రాల్ అనే మాత్రలు అమ్ముతున్నారు. అమెరికాలో ఒకే మందుని ఒకే పద్ధతిలో మూడు చోట్ల, మిచిగన్, టెక్సాస్ యూనివర్సిటీల్లో, జాక్సన్ ల్యాబొరేటరీలో ఎలుకలకి పెట్టి చూసే కార్యక్రమం ఒకటుంది. అందులో రెస్వెరట్రాల్ ఆయుష్షు పెంచలేదు. రాపమైసిన్ అనే మందు పెంచింది. దాన్ని మేతలో చెడకుండా కలపడం కుదిరేసరికి ఎలుకలు 600 రోజులకి ముదిరిపోయాయి. అయినా ఆపకుండా పెట్టారు. ఆయుష్షు పెరిగిందని 2009లో ప్రచురించారు. ఒక్క ల్యాబు చెబితే నేను నమ్మేవాణ్ణి కాదు, మూడు చోట్లా వచ్చింది కాబట్టి నమ్మాను. అలాగని ఎలుకకి పనిచేసింది కదా అని మనుషులు వేసుకోకూడదు. రాపమైసిన్ రోగనిరోధక శక్తిని అణిచే మందు.

మంగళగిరి అమ్మాయి:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను ల్యాబ్ టెక్నీషియన్ని. నేను ఇదివరకు పనిచేసిన చోట మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ఉండేది. మే నెలలో ఒక శనివారం రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ ఆన్ కాలేదు, కాపలా ఎవరూ లేరు. సోమవారం తలుపు తీస్తే ట్యూబులన్నీ కరిగిపోయి ఉన్నాయి, మూతల మీద పేర్లు చెరిగిపోయాయి. ఆటోల్లో వచ్చి, గోడ పట్టుకుని మెట్లెక్కి పెద్దవాళ్ళు ఇచ్చిన రక్తం అది. కూర్చుని ఏడ్చేశాను. ఉమ్మడి కేంద్రమంటే నా దృష్టిలో మెషీన్లు కాదు, రాత్రి ఆ ఫ్రీజర్ అలారం మోగితే లేచి వచ్చే మనిషి. ఒక్కో కాలేజీ విడివిడిగా ఆ జీతం ఇవ్వలేదు, పది కలిస్తే ఇవ్వగలవు. 2020లో వచ్చిన ఐ-స్టెమ్ పోర్టల్‌లో దేశంలో ఏ పరికరం ఎక్కడుందో చూసి బుక్ చేసుకోవచ్చు. కానీ ఇక్కడ కరిగిపోయిన రక్తాన్ని ఏ పరికరంలో పెడతాం?

పటమట వాసి:
అమ్మా, ఆ పెద్దవాళ్ళకి సంగతి చెప్పారా?

మంగళగిరి అమ్మాయి:
లేదండీ. ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ ఆ బాధ ఉంది.

పటమట వాసి:
నా ఓటు వార్డుకే, మారదు. కేంద్రం కూడా కడతామంటే ఆ వార్డు పక్కనే కట్టండి. మా అమ్మ రక్తం ఇస్తుంది, నేనే వీల్‌చైర్‌లో తీసుకొస్తాను. ఏం తేలిందో మాత్రం ఆవిడకి తెలుగులో చెప్పాలి, కరిగిపోతే కరిగిపోయిందనీ చెప్పాలి.