హోండా సిటీ వీటెక్: పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్, మధ్యాహ్నం ఎంత కొట్టినా లేవదు

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట):

అందరికీ నమస్తే. నా దగ్గర 2002 మోడల్ హోండా సిటీ 1.5 వీటెక్ ఉంది. స్పోర్ట్స్ కారు అంటే నవ్వకండి. నాలుగు తలుపులున్నా, 106 హార్స్‌పవర్‌తో ఐదు వేల ఆర్‌పీఎం దాటాక గొంతు మార్చి లాగే బండిని నేను ఇంకేమని పిలవను? మా పెదనాన్న కొన్న బండి. చిన్న చిన్న పనులు ఇంట్లోనే నేనే చేసుకుంటాను. ఆయిల్, ప్లగ్గులు, బ్రేక్ ప్యాడ్ల వరకు వచ్చు.

సమస్య ఏంటంటే, పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. ఆఫీసు బయట ఎండలో పెడతాను. మధ్యాహ్నం రెండు, మూడు గంటలకి తీద్దామంటే సెల్ఫ్ గిరగిరా తిరుగుతుంది గానీ బండి అందుకోదు. సాయంత్రం ఆరున్నరకి వెళ్తే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఒక షెడ్డులో చూపిస్తే పెట్రోల్ పంపు మార్చారు, 7,500 అయింది. వారం రోజులు బ్రహ్మాండంగా ఉంది. మళ్లీ మొదలు. ఇప్పుడేమో ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పోయింది, సెకండ్‌హ్యాండ్‌ది వెతకాలి అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు (విజయవాడ, గవర్నర్‌పేట):

అబ్బాయ్, ఇది పెట్రోలు ఆవిరి పట్టడం. నేను 20 ఏళ్లు అంబాసిడర్ నడిపాను. ఎండాకాలం పంపు మీద తడిగుడ్డ చుట్టి, చెంబుడు నీళ్లు పోస్తే చచ్చినట్టు లేచేది. దానికి తోడు ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు. పాత బండ్లకి అది పడదు. ఈసీఎం జోలికి మాత్రం పోకు.

జవాబు (విజయవాడ, పటమట):

బాబాయ్ గారూ, తడిగుడ్డ వైద్యం నేనూ చూశాను. అది కార్బ్యురేటర్ బండ్లకి సరిగ్గా పనిచేసేది. వాటిలో పంపు ఇంజిన్ పక్కనే ఉంటుంది, పెట్రోలు తక్కువ ఒత్తిడితో వస్తుంది, వేడికి లైన్లోనే ఆవిరవుతుంది. సిటీలో పంపు టాంకులో ఉంటుంది, పెట్రోలు గట్టి ఒత్తిడితో వస్తుంది కాబట్టి ఆవిరి పట్టడం అరుదు. ఇథనాల్ సంగతి వేరే, దానికి తర్వాత వస్తాను.

బ్రాడీపేట సార్, ఇంకో రూపాయి ఖర్చు పెట్టకముందు ఒక్క పని చేయండి. రేపు మధ్యాహ్నం బండి మొరాయించినప్పుడు సెల్ఫ్ కొట్టకండి. అద్దాలు మూసి, ఏసీ, రేడియో అన్నీ ఆపి, తాళం "ఆన్" దాకా మాత్రమే తిప్పి వినండి. డ్యాష్‌బోర్డు కింద "టక్" అనాలి. వెంటనే వెనక సీటు కింద నుంచి "జుంయ్" మని రెండు సెకన్లు పంపు మోగి ఆగిపోవాలి. చెక్ ఇంజిన్ లైటు కూడా ఆ రెండు సెకన్లే వెలిగి ఆరిపోవాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి విని ఇక్కడ రాయండి.

ఇంకొకటి. పంపు మార్చాక వారం బాగుందన్నారు కదా, ఆ వారం మబ్బు పట్టిందా?

ప్రశ్న అడిగినవారు:

అన్నా, మీరు అడిగాకే వెలిగింది. ఆ వారమంతా మబ్బు, రెండు రోజులు వాన కూడా.

ఈరోజు విన్నాను. పొద్దున టక్, జుంయ్, రెండూ ఉన్నాయి. మధ్యాహ్నం 2:40కి తాళం తిప్పితే లైటు వెలిగి ఆరిపోయింది గానీ పంపు చప్పుడు లేదు. నాలుగు తలుపులూ తీసి, పావుగంట నీడలో నిలబడి మళ్లీ తిప్పితే జుంయ్ మంది, స్టార్ట్ అయింది!

జవాబు (విజయవాడ, పటమట):

అయితే మీ ఈసీఎం జోలికి వెళ్లక్కర్లేదు. జబ్బు మెయిన్ రిలేది, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చిది. ఆ కాలం హోండాలకి ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు, ప్రపంచమంతా ఉంది.

ఒకే డబ్బాలో రెండు రిలేలు ఉంటాయి. ఒకటి ఈసీఎంకీ ఇంజెక్టర్లకీ కరెంటు ఇస్తుంది, రెండోది పంపుకి. లోపల చిన్న సర్క్యూట్ బోర్డు, దాని మీద లావు పిన్నులకి వేసిన సీసం మాట్లు (సోల్డర్ అతుకులు). ఇరవై ఏళ్లుగా పగలు వేడెక్కి, రాత్రి చల్లారి, ఆ మాటు చుట్టూ వెంట్రుకంత పగులు వస్తుంది. చల్లగా ఉంటే ఆ రెండు అంచులూ ఆనుకుని కరెంటు పారుతుంది, వేడికి వ్యాకోచిస్తే విడిపోతాయి. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ఇక సీసం మాటు ఎంత? ఎండలో అద్దాలు మూసి ఉన్న బండి లోపల 60 డిగ్రీలు సులువుగా దాటుతుంది, ఆ డబ్బా ఉండేది ఆ వేడిలోనే. మీరు తలుపులు తీసి చల్లార్చింది ఇంజిన్ని కాదు, రిలేని.

సెల్ఫ్ మోటారుకి వేరే లైను కాబట్టి అది హాయిగా తిరుగుతుంది. షెడ్డువాళ్లని తికమక పెట్టింది అదే. పాత పంపు పారేయకపోతే తెచ్చుకుని దాచుకోండి, అది బాగానే ఉండి ఉంటుంది.

జవాబు (గుంటూరు, కొరిటెపాడు):

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇదే మోడల్‌కి డిస్ట్రిబ్యూటర్లో ఉండే ఇగ్నైటర్ (ప్లగ్గులకి స్పార్క్ పుట్టించే భాగం) కూడా వేడికి చచ్చిపోతుంది. నాకు మంగళగిరి దగ్గర హైవే మీద నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. అదీ చూసుకోమనండి.

జవాబు (విజయవాడ, పటమట):

మంచి మాట చెప్పారు. తేడా ఇలా పట్టుకోవచ్చు. ఇగ్నైటర్ పోతే పంపు మోగుతుంది, ప్లగ్గులో స్పార్క్ ఉండదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు చచ్చినట్టు పడుకుంటుంది. రిలే పోతే స్పార్క్ ఉంటుంది, పంపు మోగదు. వీరిది రెండోది.

ఇప్పుడు పని. ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. ఎవరినైనా తాళం తిప్పమని, మీరు డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి టక్ అన్న డబ్బా ఏదో వేలితో పట్టుకోండి. (అవును, ఇది బ్యాటరీ తీయకముందే చేయాలి. రాసే వరస తప్పింది.) అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద నల్ల డబ్బా, ఒకే బోల్టు, 10 నంబర్ స్పానర్ చాలు. కనెక్టర్ని తీగలు పట్టుకుని లాగకండి, నొక్కు నొక్కి తీయండి. ఇన్నేళ్ల ప్లాస్టిక్, విరిగితే అదో కొత్త పని.

డబ్బా అంచున ఉన్న నొక్కుల్ని సన్నని స్క్రూడ్రైవర్‌తో ఒక్కోటీ లేపితే బోర్డు బయటకొస్తుంది. భూతద్దం పెట్టి, పక్క నుంచి టార్చి కొట్టి చూడండి. పై నుంచి వెలుగు పడితే పగులు కనిపించదు. బాగున్న మాటు నున్నగా మెరుస్తూ పిన్ను మీదకి పాకినట్టుంటుంది. పగిలిన దాని చుట్టూ ఉంగరంలా బూడిదరంగు గీత ఉంటుంది.

సోల్డరింగ్ ఐరన్ 40 వాట్ల లోపుది తీసుకోండి. సీసం 60/40 రకం, మధ్యలో ఫ్లక్స్ (సీసం బాగా అంటుకునేందుకు వాడే పదార్థం) ఉన్నది. రేకు పనికి వాడే యాసిడ్ ఫ్లక్స్ మాత్రం వద్దు, బోర్డుని తినేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

అన్నా, దొరికింది! రెండు పిన్నుల చుట్టూ మీరు చెప్పిన ఉంగరమే. వాటి మీద కొత్త సీసం పెట్టి కరిగించి బిగించేశాను. మధ్యాహ్నం స్టార్ట్ అయింది. మా ఆవిడకి ఫోన్ చేసి మరీ ఆ జుంయ్ శబ్దం వినిపించాను.

ప్రశ్న అడిగినవారు (నాలుగు రోజుల తర్వాత):

మళ్లీ మొదటికొచ్చింది. ఈరోజు 3 గంటలకి పంపు చప్పుడు లేదు. సిగ్గుగా ఉంది.

జవాబు (విజయవాడ, పటమట):

తప్పు నాది, ఒక ముక్క చెప్పలేదు. పాత సీసం మీదే కొత్తది పెడితే పైన మెరుస్తుంది, అడుగున పిన్ను మీద పట్టిన మకిలి అలాగే ఉంటుంది. పాత సీసం మొత్తం తీసేయాలి. పీల్చే పంపు గానీ, రాగి జాలీ పట్టీ గానీ ఎలక్ట్రానిక్స్ షాపులో అడిగితే ఇస్తారు. తీశాక పిన్ను ఇత్తడి రంగులో కనిపించేదాకా బ్లేడుతో గీకండి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఐరన్ ముందు పిన్నుకీ బోర్డుకీ కలిపి ఆనించి, రెండూ వేడెక్కాక సీసం వాటికి తగిలించండి, ఐరన్‌కి కాదు. తనంతట తను పాకుతుంది. ఊపిరి బిగబట్టి, చల్లారేదాకా కదపకండి.

పగిలినవి రెండే కనిపించినా, లావు పిన్నులు అన్నిటికీ చేసేయండి. మిగిలినవాటికీ అంతే వయసు.

ప్రశ్న అడిగినవారు (మూడు వారాల తర్వాత):

పాత సీసం తీస్తే అడుగున పిన్ను నల్లగా మసి పట్టినట్టుంది. గీకి, మొత్తం కొత్తగా వేశాను. మూడు వారాలైంది, అందులో నాలుగైదు రోజులు 43 డిగ్రీలు. ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఖర్చు 400 లోపు, ఐరన్‌తో కలిపి.

ఇక అలవాటైంది కాబట్టి అడుగుతున్నా. ఇంజిన్ పైభాగంలో టిక్కు టిక్కు శబ్దం ఉంది. ట్యాపెట్ సెట్టింగ్ (వాల్వుల దగ్గర సందు సరిచేయడం) ఇంట్లో చేయొచ్చా? పెట్రోల్ పైపుల సంగతి కూడా చెప్తానన్నారు.

జవాబు (విజయవాడ, పటమట):

పైపుల సంగతి ముందు. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ 2025 కల్లా దేశమంతా వచ్చేసింది. మీ బండి దాని కోసం చేసింది కాదు, బాబాయ్ గారి భయంలో కొంత నిజం ఉంది. ఇథనాల్ పాత రబ్బరుని ఉబ్బిస్తుంది, మెత్తబరుస్తుంది. టాంకు దగ్గరా ఇంజిన్ దగ్గరా ఉన్న రబ్బరు పైపుల్ని వేళ్ల మధ్య నొక్కి చూడండి. జిగటగా తగిలినా, వంచితే నెర్రెలు కనిపించినా మార్చేయండి. ఇంజెక్షన్ బండికి సరిపడే పైపు అని అడిగి తీసుకోండి, మామూలు పైపు ఆ ఒత్తిడికి ఆగదు. లైను విప్పేముందు ఒత్తిడి తీయాలి, ఇంజిన్ చల్లగా ఉండాలి. అది ఒకసారి తెలిసినవాళ్లు పక్కనుండగా చేయండి. సోల్డరింగ్‌లా తప్పు చేసి నేర్చుకునే పని కాదిది.

ట్యాపెట్లు ఇంట్లో నిక్షేపంగా చేయొచ్చు. ఈ ఇంజిన్లో స్క్రూ, లాక్ నట్టు ఉంటాయి. కొలతలు మీ మాన్యువల్ చూసే పెట్టండి, వేరే మోడల్‌వి పెట్టకండి. రెండు సంగతులు గుర్తుంచుకోండి. హెడ్డు (ఇంజిన్ పైభాగం) 38 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడే చేయాలని హోండా చెబుతుంది. మన దగ్గర మే నెలలో పగలు నీడలో ఉన్న స్పానరే 38 దాటేస్తుంది. కాబట్టి రాత్రంతా బండి కదపకుండా ఉంచి, తెల్లవారుజామున 5 గంటలకి మొదలుపెట్టండి.

రెండోది, చాలా ఇంజిన్లు పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లులా తిరుగుతాయి. ఇది ఎదురు తిరుగుతుంది. క్రాంక్‌ని (ఇంజిన్ అడుగున తిరిగే ప్రధాన ఇరుసుని) అటే తిప్పాలి. 1-3-4-2 వరసలో, ఒక్కో సిలిండర్‌కి క్రాంక్ అర చుట్టు. ట్యాపెట్ కవర్ విప్పినప్పుడే టైమింగ్ బెల్టు వయసు కూడా అడిగి తెలుసుకోండి. ఎప్పుడు మార్చారో మీ పెదనాన్న గారికి గుర్తులేకపోతే మార్చేయడమే. అది తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుంటాయి. అయితే బెల్టు పని ఆటోనగర్‌లో ఇచ్చేయండి, ఆ క్రాంక్ బోల్టు ఇంటి పనిముట్లకి లొంగదు.

జవాబు (గుంటూరు, కొరిటెపాడు):

ఆర్‌సీ కూడా చూసుకోండి. 2002 అంటే 2017లో ఒకసారి, 2022లో ఒకసారి రెన్యూవల్ అయి ఉంటుంది, మళ్లీ 2027. 20 ఏళ్లు దాటిన కార్లకి ఫీజు 2025లో 10,000 చేశారు.

జవాబు (విజయవాడ, గవర్నర్‌పేట):

తడిగుడ్డ ఓడిపోయిందన్నమాట. కానీయండి. అబ్బాయ్, జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కింద దూరకు. స్టాండ్లు పెట్టు.

ప్రశ్న అడిగినవారు:

పెడతాను బాబాయ్ గారూ. అన్నా, ఫీలర్ గేజి (సందు కొలిచే సన్నని రేకుల పనిముట్టు) ఎక్కడ కొనమంటారు? ఇక్కడ అడిగితే తుప్పుపట్టినది చూపించారు.

జవాబు (విజయవాడ, పటమట):

కొనొద్దు. ఏడాదికి ఒకసారి వాడేదానికి. ఆదివారం వారధి దాటి ఇటు రండి, నాది ఇస్తాను. కాకపోతే ఆకులన్నీ లెక్కపెట్టి ఇస్తా, లెక్కపెట్టి తీసుకుంటా. కిందటిసారి ఇచ్చినప్పుడు 0.20ది రాలేదు.