కల్యాణ మండపంలో మగవాళ్ల మూత్రశాలకు అడ్డుపలకలు: సలహా కావాలి

విజయనగరంలో మాకు చిన్న కల్యాణ మండపం ఉంది. నాన్నగారు కట్టించిన రోజుల్లో మగవాళ్ల వైపు పొడవాటి టైల్స్ గోడ, కింద కాలువ, అంతే. పదిమంది వరుసగా నిలబడి విందు రుచుల గురించి మాట్లాడుకునేవారు.

ఇప్పుడు ఆ గోడ దగ్గర పెద్దవాళ్లే కనిపిస్తున్నారు. కుర్రాళ్లంతా తలుపున్న ఒకే ఒక్క గది ముందు కాచుకుంటున్నారు. మొన్న ఒక పెళ్లిలో 14 ఏళ్ల మా మేనల్లుడు ఆపుకోలేక ఇంటికి పరుగెత్తాడు. గోడ దగ్గర ఎవరో వీడియో కాల్ మాట్లాడుతున్నారట, ఫోను వీడి వైపే తిరిగి ఉందట! "మగపిల్లాడికి సిగ్గేమిటి?" అని మా బాబాయి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అనుమతి లేకుండా ఒకరి మర్మావయవాలను కావాలని చిత్రిస్తే ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. అందులో ఆడ, మగ తేడా లేదు. అదీగాక పక్కన మనిషి ఉంటే మూత్రమే రానివాళ్లు కూడా ఉంటారు.

దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఊరు బంధువులతో నిండేలోపు పని ముగించాలి. గోడ పొడవు 14 అడుగులే. గ్రానైట్ పలకలు నడుము ఎత్తు చాలంటాడు మేస్త్రీ, భుజం దాకా ఉండాలని నాకు అనిపిస్తోంది. లేక గోడ తీసేసి తలుపుల గదులే కట్టించాలా? భోజనాల వేళ రద్దీకి అవి సరిపోతాయా? ఫోన్లు వద్దనే బోర్డును పెళ్లివారు నొచ్చుకోకుండా ఎలా రాయాలి? మండపాలు నడిపేవారు దయచేసి చెప్పండి.