పొగ పీల్పించిన బీగిల్ కుక్కలు: పరిశోధన నిధుల వివాదంపై సమాచారం కావాలి

1970 ఫిబ్రవరిలో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ వెల్లడించిన ఔర్‌బాక్, హామండ్‌ల పరిశోధనపై వ్యాసం రాస్తున్నాను. బీగిల్ కుక్కల శ్వాసనాళానికి రంధ్రం చేసి సిగరెట్ పొగ పీల్పించగా, కొన్నింటి ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ కణితులు కనిపించాయని వారు ప్రకటించడంతో, పొగాకు కంపెనీల పక్షాన టొబాకో ఇన్‌స్టిట్యూట్ ఆ ఫలితాలను బహిరంగంగా సవాలు చేసింది. విచిత్రమేమిటంటే, ఆ పరిశ్రమే 1954లో తాను స్థాపించిన పరిశోధన మండలి ద్వారా జంతు ప్రయోగాలకు స్వయంగా డబ్బిచ్చేది. ఆ మండలి నిధులు పొందిన శాస్త్రవేత్తలకు ప్రతికూల ఫలితాలను ప్రచురించే స్వేచ్ఛ నిజంగా ఉండేదా? విరాళాల సొమ్మును కుక్కలపై ప్రయోగాలకు వెచ్చించడాన్ని సొసైటీ దాతలెవరైనా అప్పట్లో ఆక్షేపించారా? అమెరికా కోర్టు వ్యాజ్యాల వల్ల బయటపడిన కంపెనీల అంతర్గత పత్రాలను చదివినవారు, ముఖ్యంగా మొదటి ప్రశ్నకు సంబంధించి, ఏ ఏళ్ల ఉత్తరప్రత్యుత్తరాలతో ప్రారంభించాలో దయచేసి తెలుపగలరు.